ఓడలు వెళ్ళిపోయిన ఊరు

భీమిలి చూడ్డానికి మా విశాఖపట్నం వాళ్ళకి ఒక పద్ధతి వుంది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి బయల్దేరడం, సముద్రం ఒడ్డు రోడ్డు మీద సరదాగా వెళ్ళడం, దిగీ దిగగానే తలా ఒక మొక్కజొన్న కండె కాల్పించుకు తినడం, దీపస్తంభం ముందు నిలబడి ఫొటో దిగడం, చీకటి ముదరకుండా ఇల్లు చేరడం. తర్వాత ఎవరైనా "భీమిలి చూశారా?" అంటే "ఓ, ఎన్నిసార్లో!" అనడం. నేనూ ఆ బాపతువాణ్ణే. ఇరవై ఏళ్ళుగా విశాఖలో కాపరం వుంటూ ఏ పదిహేనుసార్లో భీమిలిని ఈ విధంగా "చూశాను".

మొన్న సంక్రాంతి వెళ్ళిన వారంలో మా మావగారు భోజనాల దగ్గర ఉన్నట్టుండి "అల్లుడుగారూ, మీకు శలవు ఏనాడు? ఒకసారి భీమిలి వెళ్ళి రావాలని వుంది" అన్నారు. ఆయన పుట్టింది అక్కడే. ఎనభై రెండేళ్ళ మనిషి. నోరు తెరిచి ఇది కావాలని అడగడం మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

"దానికేం భాగ్యమండీ! రేపు సాయంత్రం కారులో అలా వెళ్ళి ఇలా వచ్చేద్దాం" అన్నాను.

"అలా వెళ్ళి ఇలా రావడానికైతే వద్దు లెండి. పొద్దున్నే వెళ్ళాలి, చీకటి పడ్డాక రావాలి."

"రోజల్లా చూడ్డానికి అక్కడ ఏముందండీ?"

"ఏమీ లేదు. అందుకే రోజల్లా పడుతుంది" అన్నారాయన, మజ్జిగ పోసుకుంటూ.

ఇక్కడ మా ఇంటి సంగతి రెండు ముక్కలు చెప్పాలి. మా మావగారి తండ్రి భీమిలి రేవులో ఒక ఎగుమతి కంపెనీ గుమాస్తా. మావగారు 1962లో విశాఖ రేవులో ఉద్యోగానికి చేరి అక్కడే తల నెరిపించుకున్నారు. నాది ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. అంటే మూడు తరాల్లో మూడు చోట్ల అన్నం పుట్టిందన్నమాట. 2021 జనవరిలో విశాఖ ఉక్కులో ప్రభుత్వ వాటా పూర్తిగా అమ్మాలని కేంద్రం నిర్ణయించిన దగ్గర్నించీ మా ఇంట్లో విస్తరి ముందు కూచుంటే అదే మాట. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ఆదరువు ప్రకటించాక కొంచెం ఊపిరి తీసుకున్నాం గాని, మాట మాత్రం మానలేదు. "ఫాక్టరీ పోతే ఈ ఊరు ఏమైపోతుంది?" అని నేను ఎన్నోసార్లు అన్నాను. మావగారు వినేవారు. ఏనాడూ జవాబు చెప్పలేదు.

సరే, నా శలవునాడు బయల్దేరాం: మావగారూ, నేనూ, మా శ్రీమతీ, పదేళ్ళ మా వాడూ. కారు వద్దన్నారు మావగారు. కారు తోలేవాడు రోడ్డు తప్ప మరేం చూడడట! రైలుస్టేషను దగ్గర ఒడ్డు మీదుగా భీమిలి వెళ్ళే సిటీ బస్సు ఎక్కాం. మా వాడు కిటికీ పక్క, తాతయ్య వాడి పక్క.

బస్సు సముద్రం ఒడ్డుకి వచ్చాక మావగారు వాణ్ణి వెనక్కి తిరిగి చూడమన్నారు. దూరాన డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాపి పడుకుని వుంది.

"చూశావుట్రా? విశాఖ అదృష్టమంతా ఆ ముక్కులో వుంది. అది అడ్డం వుంది కనక దాని చాటున నీళ్ళు నిదానంగా వుంటాయి. వెనక పెద్ద ఉప్పుచిత్తడి వుండేది. ఆ బురదంతా తవ్వి, లోతు చేసి, ఓడల్ని లోపలికి రానిచ్చారు. కెరటాలు కొట్టకుండా రెండు పాత ఓడల్ని కావాలని ముంచి గట్టు కట్టారు. 1933లో రేవు తెరిచారు."

"ఓడల కోసం ఓడల్నే ముంచేశారా తాతయ్యా!" అన్నాడు మా వాడు.

"అవునురా. ఓడల్నేమిటి, ఒక ఊరినే ముంచారు. పద, చూపిస్తాను" అన్నారు నవ్వుతూ.

కైలాసగిరి, రుషికొండ దాటాం. ఎడమ పక్క తొట్లకొండ కనిపించింది. బౌద్ధ భిక్షువులు వాననీరు నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లున్నాయి గనక ఆ పేరు. 1976లో నౌకాదళం వారి సర్వేలో ఈ శిథిలాల జాడ తెలిసింది. 1988 నుంచి తవ్వకాలు జరిగి స్తూపాలు, విహారాలు బయటపడ్డాయి. "దానికి వేరే ఒక రోజు కావాలి, ఇవాళ దాని జోలికి పోకండి" అని మావగారు కొండవేపు చెయ్యి ఊపి దాన్ని సాగనంపారు.

కాని భీమిలి ఇంకా కొంచెం దూరం వుందనగా ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం దిగాల్సిందే అన్నారు. దిగాం. నేను ఇదివరకు ఈ దిబ్బల్ని సినిమాల్లో ఎక్కువసార్లు, కళ్ళతో తక్కువసార్లు చూశాను. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి మట్టి కుంకుమలా వెలిగిపోతోంది. రోడ్డు మీంచి చూస్తే దిబ్బలే. లోపలికి నడిస్తే వానలు కోసిన లోయలు, సందులు, మట్టి గోడలు. చెయ్యి వేసి రాస్తే పిండిలా రాలుతుంది.

ఈ దిబ్బల కథ చిత్రమైనది. సుమారు ఇరవై వేల ఏళ్ళ కిందట భూమి మీద మంచు ఎక్కువై, సముద్రం ఇప్పటికంటె వంద మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. నీళ్ళు తగ్గిన చోట ఇసక ఆరిపోయి గాలికి లేచి ఒడ్డున మేటలు వేసింది. అందులోని ఇనప ధాతువు వేల ఏళ్ళపాటు తుప్పు పట్టి ఇసకకి ఈ రంగు వచ్చింది. మొత్తం దక్షిణాసియాలో ఇలాంటివి ఇక్కడా, తమిళనాట తేరి భూముల్లో, సింహళంలో తప్ప కనిపించవు. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. అయినా 2024లో దిబ్బల పక్కనే యంత్రాలతో నేల చదును చేస్తున్నారని పెద్ద అలజడి రేగింది.

మా వాడు ఒక గోడ మీద పేరు చెక్కబోతే మావగారు చెయ్యి పట్టుకున్నారు. "ఇరవై వేల ఏళ్ళు పట్టిందిరా ఇది నిలబడ్డానికి. నీకు అయిదు నిమిషాలు చాలు, పడగొట్టడానికి."

వాడు పుల్ల పారేశాడు. నాకు వాడికంటె ఎక్కువ సిగ్గేసింది. పదేళ్ళ కిందట ఇలాంటి గోడ మీదే నేనూ, మా శ్రీమతీ మా పేర్లు చెక్కాం మరి! అదెక్కడుందా అని దొంగచూపులు చూశాను. వానలు దయ తలిచి చెరిపేసినట్టున్నాయి.

మరో బస్సు పట్టుకుని భీమిలిలో గడియారస్తంభం దగ్గర దిగేసరికి పది దాటింది. మావగారు దిగి ఒక నిమిషం అలాగే నిలబడ్డారు. ఏదో చూస్తారనుకున్నాను. చూడలేదు, గాలి పీల్చారు. ఉప్పు, ఎండుచేపలు, తడి తాళ్ళు. "ఇదే వాసన" అన్నారు.

భీమిలిలో నడవాలి. ఊరు కొండ పాదం దగ్గర మొదలై సముద్రం దాకా పల్లంగా దిగుతుంది. పెంకుటిళ్ళు, వెడల్పాటి అరుగులు, లావుపాటి గోడల పాత గిడ్డంగులు, మధ్య మధ్య కొత్త డాబాలు. మావగారు ప్రతి మలుపులోనూ ఆగేవారు. ఇక్కడ గోనెల బళ్ళు బారులు తీరేవి అంటారు. అక్కడ బస్తాలు తూచే కాటా వుండేది అంటారు. మాకు కనిపించేది ఖాళీ వీధి, నీడన పడుకున్న కుక్క. కాసేపటికి మా శ్రీమతి నా చెవిలో "మనం ఊరు చూడ్డం లేదండీ, నాన్నని చూస్తున్నాం" అంది.

సముద్రానికి దగ్గర్లో డచ్చివారి శ్మశానం వుంది. ఆడుకునే పిల్లలు గోడ మీంచి దూకి లోపలికి వచ్చారు. మేం మర్యాదగా గేటులోంచి వెళ్ళాం. గోపురాల్లా కొన్ని సమాధులు, కోసుగా స్తంభాల్లా కొన్ని. రాతి పలకల మీద డచ్చి అక్షరాలు. కొన్ని ఉప్పుగాలికి అరిగిపోయి వేళ్ళతో తడిమితే తప్ప తెలియవు.

హాలెండు దేశం ఎక్కడ, భీమిలి ఎక్కడ! పదిహేడో శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ వారు మన బట్టల కోసం, బియ్యం కోసం ఈ తీరానికి వచ్చారు. సరస్సు ఒడ్డునున్న పులికాట్ వారికి ముఖ్యస్థావరంగా వుండేది. ఉత్తరాన వారి స్థావరాల్లో భీమిలి ఒకటి. కోట కట్టుకున్నారు, గిడ్డంగులు వేసుకున్నారు, పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకున్నారు, ఈ ఉక్కకీ జ్వరాలకీ తట్టుకోలేక చిన్న వయస్సుల్లోనే చాలామంది ఇక్కడే మట్టిలో కలిశారు. యూరపులో 1824లో కుదిరిన ఒప్పందం ప్రకారం 1825లో భీమిలి ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. ఊరికి చెప్పలేదు, అడగలేదు. ఎక్కడో కాగితం మీద సంతకం పడింది, ఇక్కడ జెండా మారింది.

"ఊళ్ళ తలరాతలు ఊళ్ళో రాయరండీ" అన్నారు మావగారు.

నేను మాట్లాడలేదు. నాకు తగిలిందని ఆయనకి తెలుసు.

ఇంగ్లీషువారి కాలంలో భీమిలి బాగా వెలిగింది. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. మన దేశంలోని పాత మునిసిపాలిటీల్లో ఇదొకటని భీమిలివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఇప్పుడది మహావిశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయిందనుకోండి. సెయింట్ పీటర్స్ చర్చి, దీపస్తంభం, దొరల బంగళాలు అన్నీ ఆ వైభవం మిగిల్చినవే.

దీపస్తంభం దగ్గర ఒడ్డున కూచున్నాం. మావగారు కర్రతో ఇసకలో గీసి రేవు పని మా వాడికి చెప్పారు. ఓడ ఒడ్డుకి రాలేదు. దూరాన లంగరు దించి ఆగుతుంది. దానికీ ఒడ్డుకీ మధ్య కెరటాల విరుపు. మామూలు పడవ ఆ విరుపులో పగిలిపోతుంది. అందుకని మసులా పడవలు వాడేవారు. వాటికి మేకులుండవు, పలకల్ని కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేస్తారు. కెరటం కొడితే పడవ విరగదు, వంగుతుంది, సద్దుకుంటుంది. వాటిలో బస్తాలు వేసి పల్లెవాళ్ళు పాట అందుకుని తెడ్లు వేసేవారు. ఒడ్డున గొడుగు వేసుకుని నిలబడి, వెళ్ళిన బస్తాలన్నీ పద్దు రాసుకోవడం మావగారి తండ్రి పని.

"అయితే ఓడలు ఎందుకు మానేశాయి తాతయ్యా? ఎవరైనా తప్పు చేశారా?"

"ఎవరూ చెయ్యలేదురా" అని ఆయన ఇసకలో మరో గీత గీశారు. "1890లలో మద్రాసు నుంచి కలకత్తా వేపు రైలు వేశారు. అది వాల్తేరు దాకా వచ్చి, భీమిలిని సముద్రం పక్కనే వదిలేసి, కొత్తవలస మీంచి విజయనగరం పోయింది. సరుకు రైలెక్కడం నేర్చుకుంది. తర్వాత 1933లో విశాఖలో రేవు తెరిచారు. అక్కడ ఓడ గోడ పక్కకే వస్తుంది, రైలు ఓడ పక్కకే వస్తుంది. ఇక్కడ పడవలో మోసి, నీళ్ళు చిమ్మించుకుని ఎక్కించాలి. ఎవడు వస్తాడు? ఏడాదికేడాది ఓడలు తగ్గాయి. మా నాన్న గొడుగు మాత్రం చివరిదాకా వుంది."

మధ్యాహ్నం భోజనం మావగారి పినతల్లి కూతురి ఇంట్లో. ఆవిడకీ డెబ్భై దాటాయి. "అన్నయ్యా, ఇన్నేళ్ళకి దారి తెలిసిందా?" అని గుమ్మంలోనే దెబ్బలాట మొదలుపెట్టి, దెబ్బలాడుతూనే కాళ్ళకి నీళ్ళిచ్చి, దెబ్బలాడుతూనే వడ్డించారు. గోంగూరపప్పు, వంకాయకూర, చల్లమిరపకాయలు, గట్టి పెరుగు. ఆ గోంగూరపప్పు సంగతి నేను వర్ణించను. చదివేవారికి ఆకలి వేస్తే ఆ పాపం నాకెందుకు?

కాని ఆ విస్తట్లోనే భీమిలి చరిత్ర వుందని మావగారు చెప్పేదాకా నాకు తెలియదు. గోంగూర అంటే గోగు ఆకు. మనం ఆకు తిని ఊరుకుంటాం. గోగు కాండం నీళ్ళలో నానవేసి ఒలిస్తే జనపనారకి సాటివచ్చే నార వస్తుంది. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల రైతులు పండించిన గోగునార ఈ రేవు మీదుగా విదేశాలకి పోయేది. ఇంగ్లీషువారు ఈ ఊరిని బిమ్లీపటం అనేవారు కనక, ఆ నారకి ప్రపంచ మార్కెట్టులో బిమ్లీపటం జూట్ అని, ముద్దుగా బిమ్లీ అని పేరుపడింది. ఇప్పటికీ నారల పుస్తకాల్లో ఆ మొక్క పేర్లలో అదొకటి.

"చూశారా! ఓడలు పోయాయి, ఊరి పేరు మాత్రం పుస్తకాల్లో నారగా మిగిలింది" అన్నారు మావగారు.

"నారేమిటి అన్నయ్యా, ఇంకో గరిటె పప్పు వేసుకో" అన్నారావిడ.

ఆ నారతో గోనెలు నేయడానికి గోస్తనీ నది ఒడ్డున చిట్టివలసలో పెద్ద మిల్లు వుండేది. భీమిలి చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళకి అదే ఆధారం. 2009లో అదీ మూతపడింది. ఆ మాట వచ్చినప్పుడు ఆవిడ వడ్డన ఆపి, "మిల్లు కూత మానేశాక మా వీధిలో చాన్నాళ్ళు ఎవరికీ వేళ తెలిసేది కాదు" అన్నారు. ఎవరూ వెంటనే ఏమీ అనలేదు. నాకు మా కర్మాగారం కూత చెవిలో వినిపించింది.

భోజనాలయ్యాక అరుగు మీద చాప వేసుకుని కునుకు తీశాం. శలవునాడు కూడా చేతిగడియారం చూసుకునే నేను రెండు గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. భీమిలిలో చూడదగ్గవాటిలో ఆ అరుగుని కూడా చేర్చాలి.

మూడున్నరకి గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి నడిచాం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దూరి వచ్చిన నది ఇది. ఇక్కడికి వచ్చేసరికి ఇసకమేట అడ్డుపడి, నీళ్ళు వెడల్పుగా పరుచుకుని, చెరువులా నిలబడ్డాయి. ఒక పక్క హోరున సముద్రం, ఇసక దాటితే అద్దంలా నీళ్ళు. కొంగలు ఒంటికాలి మీద నిలబడి తమ నీడల్ని తామే చూసుకుంటున్నాయి. ఒకాయన మోకాలి లోతులో నిలబడి విసురువల వేస్తున్నాడు. వల గాలిలో గుండ్రంగా విచ్చుకోవడం చూసి మా వాడు చేతిలో ఫోను సంగతి మరిచిపోయాడు. ఫొటో తీయడం మరిచిపోయాడని వాడికి ఇంటికి వచ్చాకగాని గుర్తు రాలేదు.

"నీళ్ళు ఇంతేనా మావయ్యగారూ? నది కదా!" అన్నాను.

"పైన తాటిపూడి దగ్గర ఆనకట్ట వుంది కదండీ. మన ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో ఈ గోస్తనీ నీళ్ళూ వున్నాయి. ఓడలు విశాఖ వెళ్ళాయి, నీళ్ళు విశాఖ వెళ్ళాయి, నేనూ విశాఖ వెళ్ళాను" అని నవ్వారు. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. పెద్దకూతురు కాపరం బాగుందని చెప్పుకునే తండ్రి నవ్వు అది. కాని చిన్నకూతురు సంగతి ఏమిటని ఎవరూ అడగలేదే అన్న బెంగ కూడా అందులో వుంది.

చివరికి పావురాలకొండ. దీన్నే నరసింహస్వామి కొండ అంటారు. బకాసురుణ్ణి చంపిన భీముడు ఇక్కడ నరసింహస్వామిని నిలిపాడనీ, అందుకే ఇది భీమునిపట్నమైందనీ స్థలపురాణం. గుడి దాటి పైకి వెళితే ఇక్కడా బౌద్ధుల ఆరామం శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు వున్నాయి. మా శ్రీమతీ, పిల్లవాడూ పైకి వెళ్ళారు. మావగారు గుడి మెట్ల మీద కూచుండిపోయారు. నేనూ కూచున్నాను.

కింద ఊరంతా ఒక్క చూపుకి ఆనుతోంది. పెంకుల కప్పులు, చర్చి, దీపస్తంభం, పడవలు, ఇసక, వెండిరేకులా గోస్తనీ. సముద్రం మీద ఒక్క ఓడ లేదు.

ఇక వుండబట్టలేక అడిగేశాను. "మావయ్యగారూ, రేవు పోయినా ఊరు బతికే వుందని నాకు ధైర్యం చెప్పడానికి తీసుకొచ్చారు కదూ?"

ఆయన చాలాసేపు జవాబు చెప్పలేదు.

"ధైర్యం చెప్పడానికి కాదు లెండి. మీరు నాలుగేళ్ళుగా అడుగుతున్నారు, ఫాక్టరీ పోతే ఊరు ఏమవుతుందని. నోటితో చెబితే మీకు తెలియదు. ఊరు ఏమీ అవదండీ. చూశారుగా, అన్నీ వున్నాయి. కొండ వుంది, ఏరు వుంది, మా చెల్లెలి గోంగూరపప్పు వుంది. ఊరు వుండిపోతుంది. వుండనిది మనుషులే. నాతో బళ్ళో చదువుకున్నవాళ్ళు పాతికమంది. ఇవాళ పొద్దుట్నించీ వీధి వీధీ తిరిగాను. ఒక్కడు కనిపించలేదు. అందరం పొట్ట చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాం. నేను అదృష్టవంతుణ్ణి, పక్కనే విశాఖకి పోయాను. ఖర్గపూరు పోయినవాళ్ళున్నారు, రంగూను పోయి తిరిగి రానివాళ్ళ ఇళ్ళున్నాయి."

గుడిలో ఎవరో గంట కొట్టారు. ఆయన దణ్ణం పెట్టుకుని మళ్ళీ అన్నారు:

"ఇంకో ముక్క. ఇక్కణ్ణించి ఓడలు వెళ్ళిపోతూంటే ఎవరూ చప్పుడు చెయ్యలేదు. మా నాన్న ఏటేటా పద్దులో తగ్గిన బస్తాలు రాసుకున్నాడు గాని, ఎవర్నీ అడగలేదు. ఎవర్ని అడగాలో తెలియదు. మీ ఫాక్టరీ అలా కాదు. అది వచ్చిందే చప్పుడు చేస్తే. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని జనం వీధుల్లోకి వచ్చి, కాల్పుల్లో ప్రాణాలు పోతే, 1971లో పునాదిరాయి పడింది. 1992లో జాతికి అంకితం చేశారు. చప్పుడు చేస్తే నిలబడుతుందని నేను చెప్పలేను. చెయ్యకపోతే ఏమవుతుందో మాత్రం చూపించగలను. అందుకే తీసుకొచ్చాను."

నేను కింద ఊరివేపు చూశాను. పొద్దున్న దిగినప్పుడు ఎంత ప్రశాంతంగా వుందీ అనుకున్న ఊరే. ఆ ప్రశాంతి వెల ఎంతో అప్పుడు తెలిసింది.

పైనుంచి మా వాడు పరిగెత్తుకుంటూ వచ్చి "తాతయ్యా, పైన తొట్టెల్లో నీళ్ళున్నాయి! అంత పాతవాటిలో ఇప్పటికీ నిలుస్తున్నాయి!" అన్నాడు.

"నిలుస్తాయిరా. రాయి తొలిచినవాడు తన కోసమే తొలుచుకోలేదు" అన్నారు మావగారు, వాడి భుజం పట్టుకు లేస్తూ.

తిరుగు బస్సులో మావగారు తల వాల్చి నిద్రపోయారు. వాళ్ళ చెల్లెలు కట్టిచ్చిన గోంగూర కట్టలు ఆయన ఒళ్ళో వున్నాయి. విశాఖ దగ్గరపడేకొద్దీ చీకట్లో సముద్రం మీద దీపాలు కనిపించాయి. రేవులో జాగా కోసం లంగరు వేసుకుని వరసలో నిలబడ్డ ఓడలవి. మా వాడు వేలు చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వాడి ముత్తాతగారు ఒడ్డున గొడుగు కింద నిలబడి రాసుకున్న పద్దు గుర్తొచ్చింది. ఎన్ని వచ్చాయో నేనూ వాడితో కలిసి లెక్కపెట్టాను.

ఈసారి మీరు భీమిలి వెళితే పొద్దున్నే వెళ్ళండి. మంచినీళ్ళు పట్టుకెళ్ళండి, గడియారం ఇంట్లో వదిలెయ్యండి. ఇంట్లో ఆ ఊరి పెద్దవాళ్ళెవరైనా వుంటే వాళ్ళని వెంటబెట్టుకు వెళ్ళండి. వాళ్ళు లేకపోతే భీమిలి సగమే కనిపిస్తుంది. మొక్కజొన్న కండె తినకూడదని నేను అనను. తినండి. తిన్నాక మాత్రం వెంటనే బయల్దేరకండి.